పేటెంట్ ఫైళ్ల వరదలో ఉద్దానం మాట

ప్రపంచంలో ఎక్కడ ఏ ఆవిష్కరణ పుట్టినా పేటెంట్ కార్యాలయాలు దాన్ని ఒక వర్గంలో చేరుస్తాయి. గింజల పెంకు పగలగొట్టి పప్పు తీసే యంత్రాలకు అంతర్జాతీయ వర్గీకరణలో ఎ23ఎన్ 5/00 అని ఒక సంకేతం ఉంది. అందులోనే కొబ్బరికాయల యంత్రాలకు 5/03 అని మరో అర. శ్రీకాకుళం జిల్లాలో కవిటి నుంచి పలాస దాకా ఉన్న ఉద్దానం జీవనాధారం చాలావరకు ఆ రెండు అరల్లో ఇమిడిపోతుంది. తీరం పొడవునా కొబ్బరి, జీడిమామిడి, మధ్యలో పనస తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ చెట్లను నేలకూల్చినప్పుడు ఈ ప్రాంతం వాటి మీద ఎంతగా ఆధారపడి ఉందో రాష్ట్రమంతా చూసింది. ఆ అరల్లో ఎవరికి పేటెంట్ ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తేల్చే పని పేటెంట్ పరిశీలకుడిది. ఆయన ముందు పేరుకుంటున్న ఫైళ్లు ఏటేటా పెరుగుతున్నాయి. అది చెన్నై, ఢిల్లీల గొడవ, మనకెందుకులే అని ఉద్దానం అనుకుంటే నష్టపోయేది ఉద్దానమే.

పలాస–కాశీబుగ్గలో జీడిపిక్క కోసే పని దగ్గరి నుంచి చూస్తే విషయం తెలుస్తుంది. పిక్కల్ని బాయిలర్‌లో ఆవిరి పట్టి ఆరబెడతారు. తర్వాత ఒక్కో పిక్కనూ రెండు కత్తుల మధ్య పెట్టి, కాలితో పెడల్ తొక్కి, చేత్తో లివర్ తిప్పితే పెంకు రెండుగా విచ్చుకుంటుంది. లోపలి పప్పు విరగకుండా గుండుగా రావాలి. గుండుకు పలికే ధర బద్దకు పలకదు, బద్దకు పలికేది ముక్కకు పలకదు. కత్తి వంపు ఒక నూలు తేడా వచ్చినా రోజంతా చేసిన పనిలో ముక్కే ఎక్కువ తేలుతుంది. పెంకు నూనె తగిలితే చేతులు పొక్కుతాయి, నల్లబడతాయి. అందుకే పిక్క ఎంతసేపు ఉడకాలి, ఎంతసేపు ఆరాలి, కత్తిని ఏ కోణంలో అరగదీయాలి, పెడల్ ఎంత ఎత్తులో ఉంటే నడుము పట్టేయదు అన్నవి అక్కడ పనిచేసే ఆడవాళ్లకు, లేత్ షాపు మేస్త్రీలకు కొట్టినపిండి. ఈ విద్య ఏ పుస్తకంలోనూ లేదు, ఏ జర్నల్‌లోనూ అచ్చుకాలేదు.

ఎక్కడో ఒక సంస్థ ‘మెరుగుపరచిన జీడిపిక్కల కోత యంత్రం’ పేరుతో దరఖాస్తు వేసిందనుకుందాం. చట్టం ప్రకారం పరిశీలకుడు ముందు దాని క్లెయిములు, అంటే ఇది మా ఆవిష్కరణ అని చెప్పుకునే అంశాలు చదవాలి. అంతకుముందే ఎవరైనా ఆ పని చేశారా అని పాత పేటెంట్లలో, పరిశోధన పత్రాల్లో వెదకాలి. కొత్తదనం ఉందా, ఆ రంగంలో పనిచేసేవాడికి ఇట్టే తట్టే మార్పేనా, చట్టంలోని 3వ సెక్షన్ నిషేధించిన కోవలోకి వస్తుందా అన్నవి తేల్చి, తుది నిర్ణయం తీసుకునే కంట్రోలర్‌కు నివేదిక ఇవ్వాలి. ఫైలు తనకు అప్పగించిన నాటి నుంచి మామూలుగా ఒక నెల, మహా అయితే మూడు నెలల్లో ఇది పూర్తికావాలని నిబంధన. చేతిలో ఉన్నది ఆ ఒక్క ఫైలే అయితే ఇబ్బంది లేదు. కానీ ఆయన వెదికే డేటాబేసుల్లో కాశీబుగ్గ లేత్ షాపు కనిపించదు. తీరిగ్గా కూర్చుంటే కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం నివేదికో, వియత్నాం, బ్రెజిల్ యంత్రాల బొమ్మలో దొరుకుతాయి. వాటిని పోల్చి చూసి, ‘ఇందులో కొత్తేముంది?’ అని అడగగలుగుతాడు. తీరిక లేకపోతే రెండు మూడు ఫలితాలు చూసి, పదాలు సవరించమని చెప్పి ఫైలును ముందుకు పంపేస్తాడు.

తీరిక ఎందుకు కరువైందో అంకెలు చెబుతాయి. 2014–15లో దేశంలో దాఖలైన పేటెంట్ దరఖాస్తులు 42,763. 2021–22లో 66,440. ఆ మరుసటి ఏడాదే 82,000 దాటాయి. 2023–24లో 92,000 పైచిలుకు, 2024–25లో 1,10,000 పైమాటే. అంటే పదేళ్లలో రెండున్నర రెట్లు. వీటిలో సగానికి పైగా ఇప్పుడు మన దేశస్థులవే కావడం సంతోషించాల్సిన సంగతి. ఒకప్పుడు విదేశీ కంపెనీల దరఖాస్తులదే పైచేయి. పరిశీలన బలం సంగతి వేరు. ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి తరఫున సంజీవ్ సన్యాల్, ఆకాంక్ష అరోరా 2022 ఆగస్టులో ఒక పత్రం విడుదల చేశారు. దాని ప్రకారం ఆ ఏడాది మార్చి చివరికి మన పేటెంట్ కార్యాలయంలో పరిశీలకులు, కంట్రోలర్లు అందరూ కలిపి 860 మంది. చైనాలో 13,704, అమెరికాలో 8,132. ఒక దరఖాస్తు తేలడానికి మన దగ్గర సగటున 58 నెలలు పడుతుంటే చైనాలో 20, అమెరికాలో 23 నెలలు. ఇరవై ఏళ్ల పేటెంట్‌లో దాదాపు అయిదేళ్లు ఫైలు కదలికకే సరిపోయేదన్నమాట.

ఆ విమర్శ తర్వాత ప్రభుత్వం కదిలింది. 553 పరిశీలకుల పోస్టులకు 2023లో ప్రకటన వెలువడింది. పాత ఫైళ్లను దులిపే పని వేగం పుంజుకుంది. 2023 మార్చి 15 నుంచి 2024 మార్చి 14 వరకు ఒక్క ఏడాదిలో లక్షకు పైగా పేటెంట్లు మంజూరు చేశామని కేంద్రం ప్రకటించింది. అంతకుముందు ఏడాది మంజూరైనవి 34,000 పైచిలుకు మాత్రమే. ఒక్క ఏడాదిలో మూడింతలు! అధికారుల సంఖ్య మూడింతలు కాలేదు, వారి రోజులో గంటలు పెరగనూ లేదు.

అలాగని ఇదంతా కళ్లు మూసుకుని వేసిన ముద్ర అనడమూ న్యాయం కాదు. 2022 మార్చి నాటికే 1,64,000 ఫైళ్లు పరిశీలకుల బల్ల దాటి కంట్రోలర్ల దగ్గర తుది నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నాయి. అంటే నివేదికల పని అంతకుముందే చాలావరకు జరిగింది. 2016 తర్వాత చేరిన కొత్త పరిశీలకుల శ్రమ అందులో ఉంది. గొంతులో ఇరుక్కున్నవి ఒక్కసారి బయటపడ్డాయి. దాన్ని మెచ్చుకోవాల్సిందే. నా భయం ఇకముందు గురించి. ఆ ఒక్క ఏడాది వేగాన్నే ఏటేటా అందుకోవాల్సిన గీతగా పెడితే పరిశీలకుడి చేతిలోంచి మొదట జారిపోయేది వెదుకులాట. ఎన్ని పంపావని అడిగేవాళ్లు ఉంటారు గానీ, ఎంత లోతుగా వెదికావని అడిగేవాళ్లు ఉండరు.

తొందర వల్ల ఏం జరుగుతుందో అమెరికాలో లెక్కగట్టి చూశారు. మైకేల్ ఫ్రేక్స్, మెలిస్సా వాసర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి లక్షల దరఖాస్తులను పరిశీలించారు. ఒక్కో దరఖాస్తు మీద పరిశీలకుడు వెచ్చించేది సగటున 19 గంటలే. పదోన్నతి వచ్చిన కొద్దీ ఫైలుకు ఇచ్చే గంటలు తగ్గుతాయి. గంటలు తగ్గిన కొద్దీ ఆయా పరిశీలకులు పాత ఆధారాలు చూపడం తగ్గింది, మంజూరు చేసే శాతం పెరిగింది. మనిషి మారలేదు, చదువు మారలేదు, అనుభవం పెరిగింది కూడా. తగ్గిందల్లా సమయం. మన దేశంలో ఇలాంటి అధ్యయనం చేయడానికి పేటెంట్ కార్యాలయం తన సమాచారాన్ని విశ్వవిద్యాలయాలకు తెరిచి ఇవ్వాలి.

తప్పుడు పేటెంట్ బరువు చివరికి ఎవరి మీద పడుతుందో తెలియాలంటే కవిటి సామాజిక ఆరోగ్య కేంద్రంలోని డయాలసిస్ మంచాల వైపు చూడాలి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో అది ఇళ్లను ఖాళీ చేస్తూనే ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆసుపత్రి వచ్చినా నెలనెలా మందు కొనుక్కోవాల్సిన కుటుంబాల లెక్క వేరే. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి ప్రపంచవ్యాప్తంగా వాడుకలోకి వచ్చిన మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్ ఒకటి. మొదట సుగర్ మందుగా వచ్చిన దానికి 2021లో అమెరికా నియంత్రణ సంస్థ కిడ్నీ వ్యాధికీ అనుమతి ఇచ్చింది. ఈ మందుకు మన దేశంలో రెండు పేటెంట్లు ఉండేవి. విస్తృతమైన రసాయన సమూహం మీద తీసుకున్న మొదటిది 2020 అక్టోబరులో ముగిసింది. అదే సమూహంలోని ఈ ఒక్క పదార్థం మీద తీసుకున్న రెండోది 2023 మే వరకు ఉంది. మొదటిది ముగిసినా రెండోదాన్ని చూపి భారతీయ కంపెనీలను ఆపాలని ఆస్ట్రాజెనెకా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2020 నవంబరులో సింగిల్ జడ్జీలు, 2021 జులైలో డివిజన్ బెంచి ఆ కోరికను నిరాకరించారు. ఒకే ఆవిష్కరణకు రెండు పేటెంట్లు ఎలా అన్నది అక్కడ ప్రధాన ప్రశ్న. ఆ ప్రశ్న కోర్టు దాకా వెళ్లే ముందు పరిశీలకుడి బల్ల మీదే గట్టిగా పడాల్సింది. కోర్టుకు వెళ్లగలిగిన కంపెనీలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఎవరూ వెళ్లని మందుల సంగతేమిటి?

పరిశీలన గట్టిగా జరిగితే ఏం సాధించవచ్చో చెప్పేందుకు కూడా దూరం వెళ్లనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ కార్యాలయం పరిధిలోకి వస్తాయి. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ మీద నోవార్టిస్ వేసిన దరఖాస్తును 2006 జనవరిలో తోసిపుచ్చింది ఆ కార్యాలయమే. తెలిసిన మందు రూపం కాస్త మార్చి కొత్తదని చెప్పుకోవడం కుదరదనే 3(డి) సెక్షన్ అక్కడ అక్కరకొచ్చింది. అభ్యంతరం చెప్పినవారిలో క్యాన్సర్ రోగుల సంఘంతోపాటు హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటిరో కూడా ఉన్నాయి. ఏడేళ్ల న్యాయపోరాటం తర్వాత 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా పేటెంట్ దక్కదనే చెప్పింది. 2023 మార్చిలో క్షయ మందు బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ అదనపు పేటెంట్‌ను కార్యాలయం తిరస్కరించింది. అడ్డు నిలిచింది క్షయ నుంచి బయటపడిన ఇద్దరు మహిళలు, నందితా వెంకటేశన్, ఫుమేజా టిసిలే. ఈ రెండింటిలోనూ అధికారి ఒంటరిగా వెదకలేదు. మంజూరుకు ముందే అభ్యంతరం చెప్పే హక్కును వాడుకుని బయటివాళ్లు ఆధారాలు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టారు. పని ఒత్తిడిలో ఉన్న పరిశీలకుడికి ఇంతకు మించిన సాయం లేదు.

మన చట్టంలో ఉద్దానానికి పనికొచ్చే తలుపు కూడా ఇదే. దేశంలో అప్పటికే బహిరంగంగా వాడుకలో ఉన్న పద్ధతి అయితే అభ్యంతరం చెప్పవచ్చని 25వ సెక్షన్ అంటోంది. స్థానిక సమాజం దగ్గర నోటి మాటగా ఉన్న జ్ఞానమైనా చాలంటోంది. ఇది చిన్న విషయం కాదు. 1995లో పసుపు గాయాలు మాన్పుతుందంటూ అమెరికాలో ఇచ్చిన పేటెంట్‌ను రద్దు చేయించడానికి సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, 1953 నాటి వైద్య పత్రిక వ్యాసం వెలికితీయాల్సి వచ్చింది. అప్పటి అమెరికా చట్టం మరో దేశంలోని నోటి జ్ఞానాన్ని లెక్కలోకి తీసుకునేది కాదు. 1997లో పేటెంట్ రద్దయింది. మన చట్టం ఆ పాఠం నేర్చుకుంది. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆయుర్వేదం, సిద్ధ, యునాని, యోగాలను పరిశీలకుల కంప్యూటర్లోకి చేర్చింది. పలాస పిక్క కోత, ఉద్దానం కొబ్బరి పీచు పని, పనస తొనలను నిల్వచేసే తీరు అందులో చేరలేదు.

అభ్యంతరం చెప్పే తలుపు ఉన్నా, గడప ఎత్తు పెరిగింది. 2024 మార్చి 15న అమల్లోకి వచ్చిన సవరణ నిబంధనలు, అంతవరకు ఉచితంగా ఉన్న ముందస్తు అభ్యంతరానికి ఫీజు పెట్టాయి. అది నిలబడేదేనా అని కంట్రోలర్ ముందుగా తేల్చాలన్నాయి. ఇబ్బంది పెట్టడానికే వేసే అభ్యంతరాలను ఆపాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. కానీ పెద్ద కంపెనీకి ఆ ఫీజు లెక్కే కాదు, జీడి కార్మికుల సంఘానికి లెక్కే. దానికి తోడు కాగితాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. తన షాపులో పాతికేళ్లుగా తయారవుతున్న కత్తి ఇదేనని ఒక మేస్త్రీ తెలుగులో వాంగ్మూలం రాసిస్తే దాన్ని అనువదించి, ధ్రువీకరించి పంపే బాధ్యత కూడా ఆయన మీదే. తన పనికి పేటెంట్ కావాలనుకున్నా ఇదే గోడ. వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, పరిశీలన కోరడానికి మరో 4,000. ఈ మాత్రం ఆయన భరించగలడు. క్లెయిములు ఇంగ్లీషులో చట్టానికి నిలబడేలా రాయించుకోవడానికి ఏజెంటు అడిగే సొమ్ము దగ్గరే వెనకడుగు వేస్తాడు.

ఆయన వెనకడుగు వేస్తుండగా వరుసలో ముందుకొస్తున్నది ఎవరు? కళాశాలలు, విశ్వవిద్యాలయాలు. 2021లో విద్యాసంస్థలకు ఫీజులో 80 శాతం తగ్గింపు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. అయితే విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్ మంజూరైన పేటెంట్లతోపాటు ప్రచురితమైన దరఖాస్తులకూ మార్కులు వేస్తోంది. ప్రచురణ అంటే ఎవరో చదివి బాగుందన్నట్టు కాదు. దరఖాస్తు వేసిన 18 నెలలకు, కోరితే అంతకన్నా ముందే అది పేటెంట్ జర్నల్‌లో వచ్చి తీరుతుంది. అయినా ‘మా అధ్యాపకుడికి పేటెంట్’ అని ఫొటోతో జిల్లా పేజీల్లో వార్త వస్తుంది. ఇలా పుట్టిన దరఖాస్తుల్లో పరిశీలన కోరనివి పరిశీలకుడికి నేరుగా భారం కాకపోయినా, ఆయన వెదికే గడ్డివాములో మరో మోపుగా చేరతాయి. కోరినవి సాక్షాత్తు ఆయన గంటలే తింటాయి. ప్రభుత్వ విద్యాసంస్థలకు వేగవంతమైన పరిశీలన వరుస కూడా ఉంది. మార్కుల కోసం వేసిన దరఖాస్తు, బతుకుతెరువు కోసం వేసినదానికంటే ముందు తేలిపోయే పరిస్థితి అన్యాయం. ఎన్ఐఆర్ఎఫ్ ప్రచురణకు మార్కులు ఆపేయాలి. మంజూరై, కనీసం ఒకరు డబ్బిచ్చి వాడుకున్న పేటెంట్‌కే విలువ కట్టాలి. ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని ఇది. వందల మంది పరిశీలకులను నియమించినంత మేలు చేస్తుంది.

చైనా ఈ దారిలోనే వెళ్లి వెనక్కి వచ్చింది. దరఖాస్తు వేస్తే చాలు డబ్బిచ్చిన స్థానిక ప్రభుత్వాల వల్ల అక్కడ పనికిరాని దరఖాస్తులు కుప్పపడ్డాయి. ఆ రాయితీలన్నీ 2025 నాటికి ఆగిపోవాలని అక్కడి పేటెంట్ శాఖ 2021లో ఆదేశించింది. జపాన్ మరో పని చేసింది. 2004 నుంచి అయిదేళ్లలో దాదాపు 500 మంది పరిశీలకులను నిర్ణీత కాలానికి తీసుకుంది. పాత ఆధారాల వెదుకులాటలో కొంత భాగాన్ని నమోదైన సంస్థలకు అప్పగించింది. నిర్ణయం మాత్రం పరిశీలకుడి చేతిలోనే ఉంచింది. ఆ విభజన మనకూ నప్పుతుంది. వెదుకులాటలో కంప్యూటరు సాయం, కృత్రిమ మేధ సాయం తీసుకోవచ్చు. అయితే అవి రాసిపెట్టినదాన్నే వెదకగలవు. రాయని దాన్ని ముందు ఎవరో ఒకరు రాయాలి.

ఆ రాసే పని ఉద్దానంలో మొదలుపెట్టడానికి చెన్నై అనుమతి అక్కరలేదు. ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది, జిల్లా పరిశ్రమల కేంద్రం ఉంది, పలాసలో జీడి వ్యాపారుల సంఘాలు ఉన్నాయి. పిక్క కోత కత్తుల కొలతలు, బాయిలింగ్ పద్ధతులు, కొబ్బరి వలిచే పనిముట్లు బొమ్మలతో, తేదీలతో, వాడుతున్నవారి వాంగ్మూలంతో నమోదు చేసి, తెలుగు–ఇంగ్లీషుల్లో అందరికీ అందేలా పెడితే చాలు. అప్పటి నుంచి అది ఎవరు ఎక్కడ వెదికినా దొరికే ఆధారం అవుతుంది. అందులో నిజంగా కొత్తది కనబడితే దాన్ని బయటపెట్టకుండా ముందు పేటెంట్‌కు దరఖాస్తు చేయించాలి. బయటపెట్టాక వేస్తే కొత్తదనం పోయినట్టే. గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ గ్రామీణ ఆవిష్కర్తల తరఫున చేస్తున్న పని ఇదే.

కేంద్రం చేయాల్సిన పనికి గడువు కూడా ఉంది. 2024 నిబంధనలు పరిశీలన కోరే వ్యవధిని 48 నెలల నుంచి 31 నెలలకు కుదించాయి. ఆ ఏడాది మార్చి 15 నుంచి వేసినవారికే కొత్త గడువు. ఆఖరి రోజుల దాకా ఆగే దరఖాస్తుదారులు ఎప్పుడూ ఉంటారు కాబట్టి, కొత్త గడువు కింద ఆఖర్న కదిలేవారిలో తొలిసారి ఇక్కడే దరఖాస్తు వేసినవారి ఫైళ్లు 2026 అక్టోబరు ప్రాంతం నుంచి రావడం మొదలవుతాయి. పాత గడువు ఉన్నవాళ్లవి 2028 మార్చి దాకా వస్తూనే ఉంటాయి. ఏడాదిన్నర పాటు రెండు వరుసలూ ఒకే బల్ల దగ్గర కలుస్తాయి. కొత్తగా చేరిన పరిశీలకులకు ఆ ఒత్తిడి వచ్చేలోగా ఫైలుకు ఇన్ని గంటలన్న కనీస సమయాన్ని రంగాన్ని బట్టి లిఖితపూర్వకంగా ఖాయం చేయాలి. జిల్లా నుంచి తెలుగులో వచ్చే ఆధారాన్ని కార్యాలయమే తన ఖర్చుతో అనువదించుకుని ఫైలులో చేర్చుకునే ఏర్పాటు కూడా ఆలోగానే జరగాలి. శ్రీకాకుళం ఎంపీ కేంద్ర మంత్రివర్గంలో ఉన్నారు. ఈ రెండూ అడగడానికి ఉద్దానానికి ఢిల్లీలో మనిషి లేకపోలేదు.